పంచాయతీ కుళాయి ఎవరిది?

ఊళ్ళల్లో మీటింగులు పెట్టినప్పుడు ప్రపంచ వాణిజ్య సంస్థ పేరెత్తితే జనం మొహమొహాలు చూసుకుంటారు. "అదెక్కడో సీమదేశాల గొడవ. మా వాడకు నీళ్ళు నాలుగు రోజులకోసారి వస్తున్నయి, ముందు దాని సంగతి మాట్లాడండి" అంటారు. ఆ మాటలో మాకు తప్పేమీ కనపడదు. సరే, నీళ్ళ సంగతే మాట్లాడదాం. మాట్లాడుతూ పోతే అది జెనీవా దాకా పోతుంది, మేం లాక్కుపోనక్కర్లేదు.

రెండు తేదీలు గుర్తు పెట్టుకోండి. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు 29 అంశాలు అప్పగించవచ్చని పదకొండో షెడ్యూలు చెప్పింది. అందులో మంచినీళ్ళు పదకొండోది. బడి పదిహేడోది. ఆసుపత్రి, పారిశుధ్యం ఇరవై మూడోది. ఎస్సీ ఎస్టీల సంక్షేమం ఇరవై ఏడోది, రేషను ఇరవై ఎనిమిదోది. జనాభాను బట్టి మనకు సీట్లు, ఆడవాళ్ళకు మూడో వంతు. ఇక సరిగ్గా ఏడాది తిరక్కుండానే, 1994 ఏప్రిల్ 15న, మొరాకో దేశంలో మరకేష్ అనే పట్నంలో మన దేశం తరఫున ఒక మంత్రి ఇంకో కాయితం మీద సంతకం పెట్టి వచ్చాడు. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది. ఒక చేత్తో అధికారం ఊరికి దించుతున్నామన్నారు. రెండో చేత్తో దాన్ని ఎక్కడికి ఎక్కిస్తున్నారో ఎవరికీ చెప్పలేదు.

చెప్పాల్సిన పనే లేదు, చట్టం అట్లా ఉంది. వ్యవసాయం, ప్రజారోగ్యం, నీళ్ళు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. విదేశాలతో ఒప్పందాలు మాత్రం కేంద్రం జాబితాలో ఉన్నాయి. ఒప్పందాన్ని అమలు చేయడం కోసమైతే రాష్ట్రాల జాబితాలో ఉన్న విషయం మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చని 253వ అధికరణం అంటుంది. పోనీ ఒప్పందానికి ముందు పార్లమెంటు ఓటు కావాలా అంటే అదీ అక్కర్లేదు, మంత్రివర్గం చాలు. అసెంబ్లీని అడగలేదు. జిల్లా పరిషత్తును అడగలేదు. గ్రామసభ సంగతి ఎత్తితే ఢిల్లీలో నవ్వుతారు.

అయితే ఆ ఒప్పందం మాత్రం పంచాయతీని మరిచిపోలేదు. సేవల వ్యాపారం మీద చేసుకున్న ఒప్పందాన్ని గాట్స్ అంటారు. అది ఎవరి చర్యలకు వర్తిస్తుందో మొదటి అధికరణంలోనే రాసుకున్నారు: కేంద్ర ప్రభుత్వం, ప్రాంతీయ ప్రభుత్వం, స్థానిక ప్రభుత్వం. మన పంచాయతీ చేసే తీర్మానం గురించి మన కలెక్టరు పట్టించుకోకపోవచ్చు, జెనీవా మాత్రం ముందే రాసిపెట్టుకుంది.

ఇది మనకెందుకు పట్టాలి? రైతు సంఘాలు, ఉద్యోగ సంఘాలు, కమ్యూనిస్టు పార్టీలు దీని గురించి ముప్పై ఏళ్ళ నుంచి మాట్లాడుతూనే ఉన్నాయి. దేశ సార్వభౌమత్వం పోయిందని బాధపడ్డాయి. మా బాధ అక్కడ మొదలు కాదు. ఊరికి ఒక సార్వభౌమత్వం ఉన్నప్పుడు మనం ఆ ఊరి బావి దగ్గర చేతులు జోడించుకుని నిలబడ్డాం. కాబట్టి మనం ఈ కథను వేరే చోట మొదలుపెట్టాలి. మహద్ దగ్గర.

1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగాడని మన పిల్లలకు కూడా తెలుసు. ఆ చెరువులోకి దిగే హక్కు ఎక్కడి నుంచి వచ్చిందనే సంగతి మాత్రం మనం అంతగా చెప్పుకోం. 1923లో బొంబాయి శాసన మండలిలో బోలే ఒక తీర్మానం పెట్టి నెగ్గించాడు. సర్కారు సొమ్ముతో కట్టిన, సర్కారు సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, సత్రాలు, బళ్ళు, దవాఖానాలు అంటరానివాళ్ళకూ తెరవాలి. దాని వెంట మహద్ మునిసిపాలిటీ కూడా 1924లో చెరువు తెరుస్తున్నామని తీర్మానం చేసింది. కాయితం మీద తెరిచారు, గట్టు మీద తెరవలేదు. ఆ కాయితాన్ని పట్టుకునే మనవాళ్ళు గట్టు మీదికి నడిచారు.

పెత్తందార్లు అప్పుడేం చేశారు? కర్రలతో కొట్టారు, అది ఎప్పుడూ ఉండేదే. తర్వాత కోర్టుకు పోయారు. కోర్టులో వాళ్ళ వాదన ఏమిటో వినండి: ఈ చెరువు అందరిదీ కాదు, చుట్టూ ఉన్న మా ఇళ్ళవాళ్ళ సొంతం, ప్రైవేటు. అంటే మనల్ని నీళ్ళ నుంచి దూరం పెట్టడానికి వాళ్ళకు దొరికిన గట్టి వాదన మనుస్మృతి కాదు. ప్రైవేటు ఆస్తి. పదేళ్ళు నడిచింది ఆ కేసు. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు మన పక్షాన తేల్చింది. చెరువు మునిసిపాలిటీది, అంటరానివాళ్ళను రానివ్వకూడదనే ఆచారం అనాది నుంచి ఉందని వాళ్ళు రుజువు చేయలేకపోయారు.

ఆ పదేళ్ళ కేసు నీడ రాజ్యాంగంలో మనకు కనపడుతుంది. 15వ అధికరణం రెండో భాగం తీసి చూడండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు పూర్తిగా గానీ కొంత గానీ ప్రభుత్వ సొమ్ముతో నడిచేవైనా, ప్రజల వాడకానికి వదిలినవైనా, కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదు. అదే అధికరణం దుకాణాల గురించీ, హోటళ్ళ గురించీ చెప్పింది, లోపలికి రానివ్వాలని. రెంటికీ తేడా ఏమిటి? దుకాణంలోకి రానిస్తారు, సరుకు మాత్రం డబ్బుంటేనే ఇస్తారు. చెరువుకు ఆ షరతు లేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న సందులోనే ఇవాళ మన బతుకు ఇరుక్కుంది. చెరువు లాంటి దాన్ని దుకాణం లాంటి దానిగా మార్చేస్తే ఇక మనల్ని అడ్డుకోనక్కర్లేదు. కర్ర అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు. ధర చాలు.

ఆంధ్రలో మనకు మహద్ గుర్తు చేయాల్సిన పని లేదు, కారంచేడు ఉంది. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. అంతకుముందు రోజు గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. మేం తాగే నీళ్ళు మురికి చేయొద్దని అన్నందుకు. ఆ నీళ్ళు అందరివీ అని మాదిగపల్లె నమ్మింది కాబట్టే ఆ మాట నోట వచ్చింది.

ఇప్పుడు గాట్స్ దగ్గరికి రండి. అందులో ఒక మినహాయింపు ఉంది. ప్రభుత్వాధికారం కింద నడిచే సేవలకు ఈ ఒప్పందం వర్తించదు. అది చూపించి మన అధికారులు, మేధావులు "చూశారా, మీ బడికీ కుళాయికీ ఏం భయం లేదు" అంటారు. కింది వాక్యం చదవరు. ప్రభుత్వాధికారం కింద నడిచే సేవ అంటే ఏమిటో ఆ కింది వాక్యంలో ఉంది: వ్యాపార పద్ధతిలో నడపనిదీ, వేరే ఎవరితోనూ పోటీలో లేనిదీ. రెండూ ఉండాలి. నీళ్ళకు ఖర్చుకు తగ్గ ధర పెట్టి బిల్లు వేస్తుంటే అది వ్యాపారం కాదా? సర్కారు దవాఖానా పక్కనే ప్రైవేటు ఆసుపత్రి, రెంటికీ ఒకే పథకం కింద సర్కారే డబ్బు కడుతుంటే అది పోటీ కాదా? అవునో కాదో తేల్చేది మన హైకోర్టు కాదు. వాణిజ్య పంచాయితీ వస్తే అక్కడ కూర్చునే ముగ్గురు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. గాట్స్‌లో ఏ దేశం ఏ రంగాన్ని తెరుస్తానని జాబితాలో రాసిస్తే దాని మీదే పెద్ద కట్టుబాట్లు పడతాయి. మన దేశం మంచినీటి సరఫరాను ఆ జాబితాలో రాసివ్వలేదు. బడులను రాసివ్వలేదు. ఆసుపత్రులను మాత్రం రాసిచ్చింది, విదేశీ వాటా 51 శాతం దాటకూడదనే హద్దుతో. ఆ తర్వాత ఏం జరిగింది? 2000లో ఢిల్లీ సర్కారు తనంతట తానే ఆసుపత్రుల్లో నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడి రావచ్చంది. జెనీవా అడిగింది సగం, మనవాళ్ళు ఇచ్చింది మొత్తం. 2005లో ఇంకో అడుగు వేసి ఉన్నత విద్యను కూడా తెరుస్తామని ప్రతిపాదన పంపారు. ఆ చర్చలు ముందుకు సాగక అది ఆగింది తప్ప మనవాళ్ళు వద్దనుకుని ఆపలేదు.

అందుకే, అన్నిటికీ ప్రపంచ వాణిజ్య సంస్థనే తిట్టి ఊరుకునే మిత్రులతో మాకు పేచీ ఉంది. జెనీవా వాడు వచ్చి మన వాడ కుళాయి కట్టేయలేదు. నీళ్ళకు ధర కట్టాలని చెప్పింది ప్రపంచ బ్యాంకు, విని అమలు చేసింది మన సర్కార్లు. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్థిక పునర్నిర్మాణం పేరుతో ప్రపంచ బ్యాంకు దగ్గర యాభై కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చింది. కరెంటు సంస్కరణలకు ఇంకో అప్పు. ఆ చార్జీల మీద తిరగబడితే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి, ముగ్గురు చచ్చిపోయారు. 2002 డిసెంబరులో కేంద్రం స్వజలధార తెచ్చింది. పథకం ఖర్చులో పదో వంతు ఊరివాళ్ళు ముందు కట్టాలి, నడిపే ఖర్చు మొత్తం వాళ్ళదే. 2019లో వచ్చిన జల జీవన్ మిషన్ కూడా ఊరిలోపలి పైపుల ఖర్చులో పది శాతం వాటా అడుగుతుంది. ఎస్సీ ఎస్టీలు సగానికి మించి ఉన్న ఊరైతే ఐదు శాతం. సగానికి తక్కువున్న ఊళ్ళో మన పేటకు రాయితీ లేదు. మనం ఎక్కువగా ఉండేది అట్లాంటి ఊళ్ళల్లోనే.

వాటర్ ప్లాంట్ల సంగతి చెప్పనక్కర్లేదు. నల్లగొండ ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన జనానికి శుద్ధి చేసిన నీళ్ళు కావాలి, అందులో రెండో మాట లేదు. 2014లో ఆంధ్రలో రెండు రూపాయలకు ఇరవై లీటర్లన్నారు. 2016లో తెలంగాణలో మిషన్ భగీరథ మొదలుపెట్టి ఇంటింటికీ కుళాయి అన్నారు. కుళాయి వచ్చిన ఇంట్లో కూడా తాగే నీళ్ళకు డబ్బా కొనుక్కురావడం ఎందుకు ఆగలేదో అడగండి. ఊళ్ళో ప్లాంటు ఎవరి స్థలంలో ఉంది, ఎవరి బోరు మీద నడుస్తుంది, బాకీ పెట్టేది ఎవరికి, పెట్టనిది ఎవరికి? "మార్కెట్టుకు కులం లేదు, డబ్బిస్తే ఎవరికైనా అమ్ముతాడు" అని మనలోనే కొందరు చదువుకున్నవాళ్ళు చెబుతున్నారు. పట్నంలో ఆ మాట కొంత నిజమే, కొట్టేయం. పల్లెలో నీళ్ళు అమ్మేవాడూ, కూలికి పిలిచేవాడూ, వడ్డీకి ఇచ్చేవాడూ ఒకే ఇంటివాడైనప్పుడు మాత్రం ఆ మార్కెట్టుకు ఇంటిపేరు ఉంటుంది.

ఇట్లా సేవకు ధర పెట్టడం, పోటీ పెట్టడం, కాంట్రాక్టు ఇవ్వడం మన సర్కార్ల పని. ఆ పని అయిపోయాక దానికి తాళం వేయడం ఒప్పందం పని. గాట్స్‌లో ఒకసారి రాసిచ్చిన రంగాన్ని వెనక్కి తీసుకోవాలంటే నష్టపోయామన్న దేశాలకు బదులుగా ఇంకో రంగం తెరిచి సర్దుబాటు చేయాలి. సర్కారు మారొచ్చు, సర్పంచి మారొచ్చు, జనం వద్దనొచ్చు. తాళం ఉంటుంది.

అది ఎట్లా ఉంటుందో అర్జెంటీనా దేశంలో టుకుమాన్ రాష్ట్రం వాళ్ళను అడగాలి. 1995లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం నీళ్ళ సరఫరా మొత్తాన్ని వివెండి అనే ఫ్రెంచి కంపెనీ కూటమికి అప్పగించింది. బిల్లులు రెండింతలయ్యాయి. 1996లో కుళాయిల్లో గోధుమ రంగు నీళ్ళు వచ్చాయి. జనం బిల్లులు కట్టబోమన్నారు. రాష్ట్రంలోని ఆరోగ్య అధికారులు, శాసనసభ్యులు జనం వైపు మాట్లాడారు. కాంట్రాక్టు చెడింది. కంపెనీ టుకుమాన్ కోర్టులో దావా వేయలేదు. ఫ్రాన్సుకూ అర్జెంటీనాకూ మధ్య పెట్టుబడుల రక్షణ ఒప్పందం ఉంది కదా, దాన్ని పట్టుకుని వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు గొడుగు కింద ఉండే మధ్యవర్తుల దగ్గరికి పోయింది. 2007లో వాళ్ళు తీర్పు చెప్పారు: పదిన్నర కోట్ల డాలర్లు, పైన వడ్డీ. రాష్ట్రం చేసిన పనికి దేశం కట్టాలి. ఇది గాట్స్ కాదు, వేరే రకం ఒప్పందం. కానీ పాఠం ఒకటే. కింది ప్రభుత్వం తన జనం మాట విన్నందుకు పై ప్రభుత్వానికి జరిమానా పడితే, రేపటి నుంచి పై ప్రభుత్వం కింది ప్రభుత్వాన్ని జనం మాట విననిస్తుందా?

అదంతా మనకు దూరం అనుకునేవాళ్ళకు ఒక సంగతి. అదే వివెండికి చెందిన ఓనిక్స్ కంపెనీ 2000లో మన పక్కనే చెన్నైలో దిగింది. మూడు జోన్ల చెత్త ఎత్తే పని దానికిచ్చారు. 2007 దాకా చేసింది. చెన్నైలో చెత్త ఎత్తేది ఎవరు? అరుంధతీయులు, ఆది ఆంధ్రులు. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి తాతల నాడు చీపురు పట్టుకుని పోయిన మనవాళ్ళు, ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. ఓనిక్స్ పోయింది, ఇంకోటి వచ్చింది, అదీ పోయి స్పెయిన్ కంపెనీ భాగస్వామిగా మరోటి వచ్చింది. 2025 ఆగస్టులో ఇంకో రెండు జోన్లు ప్రైవేటుకిస్తుంటే పారిశుధ్య కార్మికులు, ఎక్కువ మంది ఆడవాళ్ళు, కార్పొరేషన్ ఆఫీసు ముందు పదమూడు రోజులు కూర్చున్నారు. మా జీతం తగ్గుతుంది, మమ్మల్ని పర్మినెంటు చేయండి అన్నారు. పదమూడో రోజు రాత్రి పోలీసులు ఎత్తుకుపోయారు. సామాజిక న్యాయం మాట లేకుండా ఉపన్యాసం మొదలుపెట్టని రాష్ట్రం అది.

పర్మినెంటు ఉద్యోగమైతే 16వ అధికరణం ఉంటుంది, మనకు రిజర్వేషను ఉంటుంది. ఆఫీసు బల్ల దగ్గరా, ఇంజనీరు కుర్చీలోనూ మనవాడొకడు ఉంటాడు. కంపెనీకి ఇచ్చేస్తే బల్లకూ కుర్చీకీ రిజర్వేషను పోతుంది. చీపురు మాత్రం మనకే ఉంటుంది. దానికి జీవో అక్కర్లేదు, మనువు చాలు. గాట్స్ సేవల పట్టికలో మురుగు, చెత్త, పారిశుధ్యం పర్యావరణ సేవలనే మంచి పేరు కింద ఉన్నాయి. మన తాతలు చేస్తే అంటు, కంపెనీ చేస్తే పర్యావరణం.

తెలంగాణ పంచాయతీల్లో ఇదే పని చేసేవాళ్ళను 51 నంబరు జీవో కింద మల్టీపర్పస్ వర్కర్లన్నారు. ఊడ్చినవాడే ట్రాక్టరు నడపాలి, ట్రాక్టరు నడిపినవాడే కరెంటు స్తంభం ఎక్కాలి. దీనికి ఏ విదేశీ కంపెనీ కారణం కాదు. అయినా దారి అటే పోతుంది, మనిషిని ఉద్యోగం లోంచి పనిలోకి దించడం.

రేషను గురించి రెండు మాటలు చెప్పి ఇంకో విషయానికి పోతాం. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1996లో మూడున్నర చేశారు. 2008లో మళ్ళీ రెండు, 2011లో రూపాయి, 2023 జనవరి నుంచి ఆహార భద్రత కార్డులకు ఉచితం. ఈ ఎగుడుదిగుళ్ళన్నీ ఓట్లవి, ఇక్కడివే. కానీ ఆ బియ్యం కొనే పద్ధతికి జెనీవాలో ఒక లెక్క ఉంది. సర్కారు మద్దతు ధరకు వడ్లు కొని నిలవ చేస్తే, ఇవాళ్టి ధరను 1986-88 నాటి అంతర్జాతీయ ధరతో పోల్చి, తేడా అంతా సబ్సిడీ అంటారు. నలభై ఏళ్ళ కిందటి ధర! అప్పుడు కూలి ఎంత ఉండేదో మీ ఇంట్లో ముసలివాళ్ళను అడగండి. ఆ సబ్సిడీ పంట విలువలో పది శాతం దాటకూడదు. 2018-19లో వరి విషయంలో దాటింది. దాటినా కేసు పెట్టకూడదని 2013 డిసెంబరులో బాలిలో కుదిరిన సర్దుబాటు వల్ల బతికాం. ఆ సర్దుబాటు కూడా ఆనాటికి ఉన్న పథకాలకే. శాశ్వత పరిష్కారం చూస్తామన్నారు, 2024లో అబుదాబీ సమావేశం దాకా కూడా తేల్చలేదు. మన కార్డు మీద వచ్చే బియ్యం అట్లా ఒక తాత్కాలిక క్షమాభిక్ష మీద నడుస్తున్నాయి.

ఇంతదాకా పంచాయతీ తరఫున మాట్లాడాం. ఇప్పుడు పంచాయతీ గురించి మాట్లాడాలి, లేకపోతే మన పత్రికకూ గాంధీగారి గ్రామ స్వరాజ్యం కరపత్రానికీ తేడా ఉండదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఊరిని నమ్మలేనన్నాడు, మనిషిని యూనిట్‌గా తీసుకున్నందుకు సంతోషమన్నాడు. ఎందుకన్నాడో వాడల్లో ఉన్న మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. అధికారం ఊరికి దిగిందంటే ఊళ్ళో ఎవరింటికి దిగిందని అడగాలి.

రిజర్వేషను వల్ల మనవాళ్ళు సర్పంచులయ్యారు. అయ్యాక ఏం జరిగింది? 1997లో జన్మభూమి వచ్చింది, నోడల్ ఆఫీసరు ఊరు నడిపాడు. అదే ఏడాది నీటి సంఘాల చట్టం వచ్చింది. కాలువలు, చెరువులు సంఘాల చేతికి పోయాయి. ఆ సంఘంలో ఓటు ఆయకట్టులో భూమి సాగు చేసేవాడికే, అందులో కూలి చేసేవాళ్ళకు కాదు. పంచాయతీలో మనకు సీటు వచ్చేసరికి చెరువు పంచాయతీలో లేదు! ప్రపంచ బ్యాంకు దీన్ని ప్రజల భాగస్వామ్యం అని మెచ్చుకుంది. 2000లో గడువు తీరిన పంచాయతీలకు 2001 దాకా ఎన్నికలు పెట్టలేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో గడువు తీరిన పంచాయతీలు 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల కింద ఉన్నాయి. 2019లో సర్పంచితోపాటు ఉపసర్పంచికీ ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చారు. రిజర్వుడు సీటులో గెలిచిన మాదిగ సర్పంచి సంతకం ఒక్కటే చెల్లదు, పక్కన పటేలు తమ్ముడి సంతకం పడాలి. అవినీతి అరికట్టడానికట. జనరల్ సీట్లలో గెలిచిన సర్పంచుల కాలంలో ఈ అవినీతి ఎందుకు గుర్తు రాలేదో!

అసలు 243-జి అధికరణంలోనే రాష్ట్రాలు పంచాయతీలకు అధికారాలు ఇవ్వవచ్చు అని ఉంది గానీ ఇవ్వాలి అని లేదు. ఆ ఒక్క మాట మీద ముప్పై ఏళ్ళు గడిపారు. పని పంపారు, మనుషుల్ని పంపలేదు. కేంద్ర ఆర్థిక సంఘం డబ్బు పంపినా అందులో 60 శాతం ఫలానా పనికే అని తాడు కట్టి పంపారు. చేతిలో డబ్బు లేని పంచాయతీకి ఎవడో వచ్చి "మీ నీళ్ళు నేను నడుపుతా, మీరు తీర్మానం చేయండి చాలు" అంటే ఏమంటుంది? సరే అంటుంది. మాకు సర్పంచుల మీద కోపం లేదు. అధికారం పేరుతో బాధ్యత మాత్రమే దించితే అది వ్యాపారికి తలుపు తీయడమే అవుతుంది. ఊరి నుంచి తలుపు తీస్తే జెనీవా నియమం ఆ తలుపులో కాలు పెడుతుంది. ఇది మేం చెప్పదలచుకున్న సంగతి.

చేయగలిగింది ఏమీ లేదా? ఉంది. దానికి సాక్ష్యం ఢిల్లీ సర్కారు దగ్గరే ఉంది. పరదేశీ కంపెనీలు మన మీద మధ్యవర్తుల దగ్గర కేసులు గెలవడం మొదలయ్యాక 2015లో పెట్టుబడి ఒప్పందాలకు కొత్త నమూనా రాసుకున్నారు. స్థానిక ప్రభుత్వాల చర్యలకు ఈ ఒప్పందం వర్తించదని అందులో స్పష్టంగా పెట్టారు. పాత ఒప్పందాలు చాలా వాటిని రద్దు చేశారు. అంటే పంచాయతీని బయట పెట్టడం కుదరదన్న మాట అబద్ధం. రాయాలనుకుంటే రాయగలరు. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకమైన వ్యాపార ఒప్పందంలో ప్రభుత్వ కొనుగోళ్ళ అధ్యాయం ఉంది. కేంద్ర ప్రభుత్వ టెండర్లు వాళ్ళ కంపెనీలకు తెరిచారు. రాష్ట్రాలనూ స్థానిక సంస్థలనూ కలపలేదు. కేంద్ర కొనుగోళ్ళలో ఎస్సీ ఎస్టీల చిన్న పరిశ్రమలకు నాలుగు శాతం కేటాయింపు 2012 నుంచి ఉంది. వచ్చే ఒప్పందాల్లో ఈ రెండు గీతలూ ఎక్కడ ఉంటాయో మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. రిజర్వుడు సీట్లలో గెలిచినవాళ్ళు ముందు అడగాలి. అడిగారా లేదా అని వాళ్ళు ఊరికి వచ్చినప్పుడు మనం అడగాలి. ఆంధ్రలో 2021లో పట్టణాల మీద వేసిన చెత్త పన్నును జనం తిట్టి తిట్టి 2024లో తీసేయించారు. ధర పెట్టినదాన్ని తీయించడం అయ్యే పనే.

ఇక ఊళ్ళో పని. నీళ్ళు, దవాఖానా, బడి, చెత్త, వీటిని ఎవరికైనా అప్పగించే ఏ తీర్మానమైనా గ్రామసభ ముందు పెట్టకుండా చేయొద్దని పట్టుబట్టాలి. ఉచితంగా వచ్చే కుళాయి నీళ్ళు తాగడానికి పనికొచ్చేట్టు ఇవ్వమని అడగాలి, డబ్బా నీళ్ళ ధర తగ్గించమని కాదు. పారిశుధ్య కార్మికులు పంచాయతీ ఉద్యోగులుగా ఉండాలి. తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఆంధ్రలో గ్రామసభ జరపాల్సిన రోజుల్లో ఏప్రిల్ 14 ఒకటి. ఆ రోజు మనం ఎట్లాగూ విగ్రహం దగ్గర ఉంటాం. దండ వేశాక అందరం కలిసి పంచాయతీ ఆఫీసుకు నడుద్దాం. కార్యదర్శిని తీర్మానాల పుస్తకం తీయమందాం. వాటర్ ప్లాంటు తీర్మానం ఏ తేదీన చేశారు, ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఆ పేజీలో మన వార్డు మెంబరు సంతకం ఉందో వేలిముద్ర ఉందో చూద్దాం.